ఎవరి తరఫున

"అత్తయ్య పోయింది మేడమ్."

ఫోన్లో ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లేదు. దారి తప్పినవాళ్ళు ఎవరినైనా ఆపి అడిగేటప్పుడు ఉండే గొంతు అది.

"పొద్దున షెడ్డులో పని చేస్తా చేస్తా పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. ఆయనక్కూడా కబురు పెట్టారు. గుడివాడ నుంచి బయల్దేరాడంట. నాకేం చెయ్యాలో తెలీటంలేదు. మీరొకసారి వస్తారా?"

నేను బందరు కోర్టులో ప్లీడరుని. పెడనలో ఒక మహిళా సంస్థ కేంద్రం ఉంది. శనివారాలు అక్కడికి వెళ్ళి ఆడవాళ్ళకి చట్టాల సంగతి చెప్పి వస్తూంటాను. ఈ అమ్మాయి నాకు అక్కడే తెలుసు. పోయినావిడ ఆమె అత్తగారు. 'ఆయన' అంటే ఈమె భర్త, ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. ఆ తల్లి చెప్పిన సాక్ష్యం మీదే, ఆ కొడుకు ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడా తల్లికి తలకొరివి పెట్టడానికి అతనే రావాలి.

మధ్యాహ్నం వాయిదాలు జూనియరుకి అప్పజెప్పి పెడన బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, వెళ్ళగానే నలుగురిలో ఆవిడ గురించి ఏదో ఒకటి అనాల్సి వస్తుంది కదా, ఏమనాలి అని ఆలోచించాను. మంచి మనిషి అనొచ్చు. మొండి మనిషి అనొచ్చు. రెండూ నిజమే. రెండూ కలిపినా ఆవిడ పూర్తిగా రాదు. ఇన్నేళ్ళు చూసిన మనిషి గురించి ఒక్క మాట నమ్మకంగా అనలేకపోతున్నానేమిటి అనిపించింది.

ఊళ్ళో అందరూ ఆవిడని పిన్నిగారు అనేవాళ్ళు. వరసలతో పనిలేదు. ఆవిడ పనిచేసే అద్దకం షెడ్డు యజమానీ పిన్నిగారే అనేవాడు, స్టేషన్లో కానిస్టేబులూ పిన్నిగారే అనేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేది. కలంకారీ అద్దకం పని. చిన్నప్పటి నుంచీ బట్టమీద అచ్చులు వేసి వేసి వేళ్ళ సందుల్లో నల్లరంగు శాశ్వతంగా నిలిచిపోయింది. రంగులో ముంచిన చెక్క అచ్చుని బట్టమీద పెట్టి, పిడికిలితో పైన ఒక్క దెబ్బ వేస్తారు, రంగు గట్టిగా అంటడానికి. ఆ అలవాటు ఆవిడ మాటల్లోకీ వచ్చేసింది. ఏ మాట చెప్పినా చివర పిడికిలితో ఎదురుగా ఉన్నదానిమీద ఒక్కటి వేసేది. బల్ల ఉంటే బల్ల, లేకపోతే తన మోకాలు. ఒకసారి నా భుజం.

మా కేంద్రంలో ఒక గదిలో కుట్టుమిషన్లు ఉంటాయి. షెడ్ల నుంచి అద్దకం బట్ట కొనుక్కొచ్చి, మా ఆడవాళ్ళు సంచులు, దిండు గలీబులు కుట్టి అమ్ముతారు. ఎవరికైనా ఇంట్లో దెబ్బలు తగిలాయనో, జీతం ఎగ్గొట్టారనో తెలిస్తే, కమిటీలో ఇద్దరు ఆవిడకి తోడుగా స్టేషనుకి వెళ్తారు. ఒంటరిగా వెళ్తే కూర్చోమని కూడా అనరు, ఇద్దరు ముగ్గురు వెళ్తే కుర్చీ చూపిస్తారు. ఆ తోడు వెళ్ళేవాళ్ళలో పిన్నిగారు ఎప్పుడూ ముందుండేది.

చట్టం మాత్రం ఆవిడకి ఒక్క ముక్క ఎక్కలేదు. నేను పాఠం చెబుతుంటే గోడకి ఆనుకుని హాయిగా నిద్రపోయేది. లేచి బయటికి వెళ్ళి తన సొంత చట్టం చెప్పేది. ఒకసారి టీ కొట్టు దగ్గర ఒకతన్ని పట్టుకుని, "ఇంకోసారి ఆ పిల్లమీద చెయ్యేస్తే నీమీద తొమ్మిదొందల సెక్షన్ పెడతారు. బెయిలు రాదు. నీ రేషన్ కార్డు కూడా పీకేస్తారు," అంటోంది. అతని మొహం పాలిపోయింది.

పక్కకి పిలిచి, "పిన్నిగారూ, అలాంటి సెక్షన్ లేదండీ," అన్నాను.

"లేదని వాడికి తెలుసా ఏంటి?" అని మోకాలిమీద ఒక్కటి వేసుకుంది.

తర్వాత దేశమంతా సెక్షన్ల నంబర్లు మారాయి. మేమంతా కొత్తవి కంఠతా పట్టలేక తంటాలు పడుతుంటే ఆవిడ ఒక్కతే నిశ్చింతగా ఉంది. "నేను చెప్పేవి ముందు నుంచీ తప్పే గదండీ, నాకు కొత్తగా వచ్చే ఇబ్బందేముంది?" అంది.

భర్త ఎప్పుడో పోయాడు. ఆయన గురించి ఆవిడ చెప్పే కథలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషి పక్కన కూర్చుని, "నన్నూ ఇట్టాగే కొట్టేవాడమ్మా, మగ్గం పడుగు కర్రతో," అనేది. భర్త పోయి ఏడుస్తున్న మనిషితో, "మా ఆయన ఏనాడూ నన్ను ఏమే అని కూడా పిలవలేదు. అట్టాంటివాళ్ళనే తీసుకెళ్తాడు దేవుడు," అనేది. రెండూ నా చెవులతో విన్నాను. రెండుసార్లూ కళ్ళలో నీళ్ళు నిజమైనవే. ఏది నిజమని ఒకసారి అడిగాను. "ఆయన పోయాడు. అదొక్కటే నిజం," అంది. మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

ఒక శనివారం పాఠం మధ్యలో ఆ అమ్మాయి వచ్చింది. పిన్నిగారి కోడలు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. అత్తగారింటి పక్క సందులోనే మా కేంద్రం ఉన్నా అంతకుముందు ఎప్పుడూ లోపలికి రాలేదు. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కన్ను కింద వాచి ఉంది. లోపల అత్తగారు ఉన్నారని తెలియక వచ్చినట్టుంది. ఆవిడని చూడగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోబోయింది.

అందరం పిన్నిగారి వైపే చూస్తున్నాం. ఆవిడ మడత పెడుతున్న బట్టని పూర్తిగా మడిచింది. దాన్ని దొంతరమీద పెట్టి, "ఎక్కడికే పోతావు? రా ఇట్టా," అంది కోపంగా.

ఆ అమ్మాయి వచ్చి ముడుచుకుని కూర్చుంది.

"వాడేనా?"

తల ఊపింది.

"తాగా?"

"తాగలేదు అత్తయ్యా."

ఆ జవాబు విన్నాక ఆవిడ మొహం ఎలా మారిందో ఇప్పటికీ చెప్పలేను. తాగి కొట్టాడంటే కొంచెం తేలిక పడేదేమో. నాతో, "రాయండి లాయరమ్మగారూ," అంది.

ఆ అమ్మాయి బెదిరిపోయింది. "కేసొద్దు మేడమ్, ఊరికే ఒకసారి పిలిచి చెప్పండి చాలు," అంది. నేను కూడా ముందు ఆస్పత్రి సంగతి చూద్దాం, కేసు పెట్టాలో వద్దో ఆ అమ్మాయి నిదానంగా ఆలోచించుకుంటుంది అన్నాను. పిన్నిగారు వినలేదు. "పక్కింటి పిల్ల వస్తే ఏం చెప్పేవాళ్ళం? దీనికీ అదే చెప్పండి," అంది. అని కోడలి వైపు తిరిగి, "నీకు నోరు లేదా? ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?" అని కసిరింది. ఆ అమ్మాయి అప్పుడు ఏడ్చింది. దెబ్బలకో, కసిరినందుకో నాకు తెలియలేదు. ఏడ్చి ఏడ్చి, "సరే, రాయండి," అంది.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని స్టేషనుకి వెళ్ళాం. ఎస్సైగారు కొత్తగా వచ్చిన కుర్రాడు. కొడుకుని పిలిపించాడు. అతను సెల్‌ఫోన్ల కొట్టులో పనిచేసేవాడు. చూడటానికి నెమ్మదస్తుడిలాగే ఉంటాడు. తల్లిని అక్కడ చూసి, తనని విడిపించడానికే వచ్చిందనుకున్నాడు కాబోలు, వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ పక్కకి జరగలేదు.

"మీరెవరి తరఫున వచ్చారు పిన్నిగారూ?" అన్నాడు ఎస్సై.

"వాడి అమ్మనండీ."

"అయితే అబ్బాయి తరఫునా?"

"కాదు. ఈ పిల్లని కొట్టాడని చెప్పటానికి వచ్చాను."

"మరి..." అని ఆ ఎస్సై నా వైపు చూశాడు. నాకూ అర్థం కాలేదు. కొడుకు చొక్కా కాలరు మడత పడి ఉంటే సరిచేస్తూనే ఆవిడ ఆ కొట్టాడన్న మాట అంది.

కేసు మేజిస్ట్రేటు కోర్టుకి వచ్చింది. గృహహింస చట్టం కింద, ఆ అమ్మాయి ఆ ఇంట్లోనే ఉండేలా, అతను ఆ ఇంటికి రాకుండా ఉత్తర్వు అడిగాం. సాక్ష్యం రోజున పిన్నిగారు పొద్దున్నే టిఫిను క్యారేజీతో దిగింది. మా కోసం తెచ్చిందనుకున్నాను. మధ్యాహ్నం కోర్టు లేవగానే, ఆవరణలో సైకిల్ స్టాండు పక్క నీడలో కొడుకుని కూర్చోబెట్టి, క్యారేజీ విప్పి, పప్పుచారు పోసి, ఎండు రొయ్యల వేపుడు వేసి తినిపించింది. ముల్లు గుచ్చుకున్నట్టు చూస్తూ కోడలు వరండాలో నిలబడింది. "మేడమ్, అత్తయ్య మాట మార్చేస్తుందా?" అంది. నాకూ అదే భయం పట్టుకుంది.

భోజనాలయ్యాక ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బోనెక్కి, కొడుకు కొట్టాడని చెప్పింది. మొదటిసారి కాదని, తను లేనప్పుడు కొట్టేవాడని, వంటింట్లో పగిలిన గాజులు ఊడ్చినప్పుడు తనకే అనుమానం రావాల్సిందని చెప్పింది. ప్రతి మాట చివరా బోను కర్రమీద పిడికిలితో వేస్తుంటే మేజిస్ట్రేటుగారు, "అమ్మా, కొట్టకుండా చెప్పండి," అన్నారు. కోర్టంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

అవతలి ప్లీడరు లేచి, "మీ కొడుకంటే మీకు ఇష్టం లేదా?" అని అడిగాడు.

"ఇష్టం లేకపోతే పొద్దున్నే లేచి రొయ్యలు వేపుతానా?" అంది.

ఉత్తర్వు వచ్చింది. అతను గుడివాడ వెళ్ళి అక్కడే ఒక కొట్టులో చేరాడు. అత్తాకోడళ్ళు ఒక ఇంట్లో మిగిలారు. పిన్నిగారు కోడల్ని షెడ్డుకి తీసుకెళ్ళి తన బల్ల దగ్గరే పని నేర్పింది. మా కేంద్రంలో అందరికీ గొప్పగా అనిపించింది. సభకి ఆవిడని పిలిచి దండ వేద్దామని ఒకరన్నారు. ఆవిడకి ఆ మాట చేరగానే కొన్ని వారాలు కేంద్రం మొహం చూడలేదు.

లోపలి సంగతి వేరు. ఆ అమ్మాయి ఒకరోజు మిషన్ల గదిలో నా దగ్గర కూర్చుని చెప్పింది. "నన్ను ఒక్క మంచి మాట అనదు మేడమ్. చారు పల్చనైందని, కొళాయి కట్టెయ్యలేదని, అచ్చు వంకరగా వేశానని, పొద్దస్తమానం తిట్టటమే. ఆయన చేసింది తప్పని నాతో ఒక్కసారన్నా అనలేదు. ఆదివారం వస్తే తెల్లారగట్టే వండుకుని గుడివాడ బండెక్కుతుంది. ఆమె నా వైపో ఆయన వైపో నాకు తెలీటంలేదు."

మా అమ్మ గుడివాడలో ఉంటుంది. ఒక ఆదివారం బందర్లో చర్చి ఆరాధన అయ్యాక అమ్మని చూడటానికి వెళ్ళి, సాయంత్రం ప్యాసింజర్లో తిరిగి వస్తున్నాను. ఎదురు సీట్లో పిన్నిగారు. ఒళ్ళో ఖాళీ క్యారేజీ.

"ఎలా ఉన్నాడండీ?" అన్నాను.

"పనికెళ్తున్నాడు. సన్నబడ్డాడు."

"ఇంటికొస్తానంటున్నాడా?"

"ఆఁ."

"మీరేమన్నారు?"

"కూరలో ఉప్పు సరిపోయిందా అన్నాను."

బండి కవుతరం దాటింది. అటూ ఇటూ కోతకొచ్చిన చేలు. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "పిన్నిగారూ, నాకు అర్థం కాదు. కోర్టులో అంత నిక్కచ్చిగా చెప్పారు. వారం వారం వెళ్ళి వాడికి వండి పెడతారు. ఇంట్లో ఆ అమ్మాయిని సాధిస్తారు. ఎందుకండీ?"

ఇదంతా నాకు చెప్పిందెవరో అర్థమైనట్టుంది, కోప్పడలేదు.

"దాన్ని చూస్తే కోపమొస్తుందండీ. అది మా ఇంటికి రాకపోతే వాడు నా దగ్గరే ఉండేవాడు గదా అనిపిస్తుంది. అట్టా అనుకోవటం తప్పే. తప్పని తెలిసినా అనిపించటం మానదు."

"మరి వాణ్ణి చూస్తే?"

"అంతకంటే కోపమొస్తుంది."

"ఎవర్ని చూస్తే రాదు మీకు?"

"మిమ్మల్ని చూస్తే రాదు," అని నవ్వింది. నవ్వు ఆగాక, "కొడితే ఊరుకోవద్దని ఊరందరికీ చెప్పాను. మా ఇంట్లో జరిగితే ఎట్టా ఊరుకుంటాను? ఊరుకోలేదు. కానీ మంచిపని చేశానని ఒక్క రోజన్నా అనిపించలేదండీ," అంది. క్యారేజీమీద పిడికిలి వేయబోయి, ఎందుకో ఆపేసింది.

ఆ తర్వాత అతను రాజీకి వచ్చాడు. కేంద్రంలోనే కూర్చున్నాం. తెల్ల చొక్కా వేసుకుని, తల దించుకుని, మారానన్నాడు, ఇంటికి వస్తానన్నాడు. మారాడనే నాకూ అనిపించింది, నమ్మాలో వద్దో మాత్రం తెలియలేదు. ఆ అమ్మాయి అత్తగారి మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ రమ్మనమంటే రమ్మనేలా ఉంది.

"నా వైపు చూస్తావేంటి?" అంది పిన్నిగారు. "నాకోసమని ఒప్పుకుంటే మాత్రం నేను ఊరుకోను. నీకు వాడు కావాలా వద్దా, అది చెప్పు."

ఆ అమ్మాయి అత్తగారి మీంచి చూపు తిప్పుకుని, "భయంగా ఉంది. వద్దు," అంది.

"విన్నావుగా. వెళ్ళు," అంది ఆవిడ కొడుకుతో.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసి, ఇంటికి వెళ్ళగానే అత్తగారు వంటింట్లో కూలబడి, "ఒక్క అవకాశం ఇస్తే నీ సొమ్మేం పోయింది? వాడికి ఎవరున్నారే?" అని ఏడ్చిందని చెప్పింది. రెండు రోజులు అన్నం తినలేదట. మూడో రోజు లేచి కోడలికి తలంటి పోసిందట. అదీ తిడుతూనే.

బస్సు దిగి నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడని ముందుగదిలో పడుకోబెట్టారు. మొహం ప్రశాంతంగా ఉందని ఎవరో అన్నారు. నాకు అలా ఏమీ అనిపించలేదు. ఏదో చెప్పబోతున్నట్టే ఉంది. ఒకావిడ, "కోడలంటే ప్రాణం పిన్నికి," అంది. ఆ పక్కావిడ, "ఎక్కడి ప్రాణం, ఆ పిల్లని ఉతికి ఆరేసేది," అంది. ఇద్దరూ ఆ ఇంటికి ఎదురిళ్ళవాళ్ళే.

కొడుకు వచ్చాడు గానీ గేటు లోపలికి రాలేదు. వీధిలో అవతలి అరుగుమీద కూర్చున్నాడు. పాడెని వీధిలోకి తీసుకొచ్చాకే లేచి భుజం పట్టాడు. మగవాళ్ళు వెళ్ళాక మేము ఇల్లు కడిగాం. ఆవిడని పడుకోబెట్టిన చోట ఆ అమ్మాయి దీపం వెలిగించింది. పొద్దుటి నుంచీ ఒక్క చుక్క కన్నీరు రాలేదు తనకి. చెప్పిన పని చేస్తోంది, చెప్పకపోతే నిలబడిపోతోంది.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు కాలవలో మునిగి తడిబట్టలతో తిరిగొచ్చారు. ఒక్కొక్కరే కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళి, దీపం చూసి వెళ్తున్నారు. కొరివి పెట్టినవాడు ఆ దీపం చూడకుండా పోకూడదు. అతను గేటు దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రారా," అన్నాడు అతని మేనమామ. "నీ తల్లి ఇల్లు. ఇక నీదే. ఎవరడ్డమొస్తారో నేనూ చూస్తాను."

నేను ఇంటి అరుగుమీంచి లేచాను. "ఇల్లెవరిదన్నది వేరే సంగతండీ. ఆవిడ పోయినా కోర్టు ఉత్తర్వు పోలేదు. ఆ అమ్మాయి ఇక్కడే ఉంటుంది."

"శవం లేచిన ఇంట్లో ఉత్తర్వులేంటమ్మా?" అన్నాడాయన.

"మావయ్యా, ఊరుకో," అన్నాడు కొడుకు. తల ఎత్తలేదు. "నేను ఇంటికోసం రాలేదు. దీపం చూసి వెళ్ళిపోతాను."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "రానివ్వాలా మేడమ్?"

"నువ్వు వద్దంటే రాకూడదు," అన్నాను. అది చట్టం. వద్దనాలో రమ్మనాలో చట్టంలో లేదు. నాకూ తెలియదు. తడిబట్టలతో అతను వణుకుతున్నాడు.

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. మేనమామ పళ్ళు కొరికాడు. అంతలో ఇంటి తలుపు రెండో రెక్క గడియ తీసిన చప్పుడు వినిపించింది. అది పెద్ద సామాను దించేటప్పుడు తప్ప తీయరు. రెండు రెక్కలూ బార్లా తెరిచింది. అడ్డంగా ఉన్న బల్లని గోడవారకి లాగింది. కర్టెన్ని తీసి పక్కన పడేసింది. గేటు దగ్గర నుంచి చూస్తే ముందుగది నేలమీద దీపం సూటిగా కనిపించింది.

"కనపడుతుందా?" అంది లోపలి నుంచి.

"కనపడుతుంది," అన్నాడు.

తలుపులు తెరవగానే గాలి లోపలికి కొట్టింది. ఆ అమ్మాయి దీపం పక్కన గొంతుక్కూర్చుని రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. అతను గేటు బయటే నిలబడి చేతులు జోడించాడు. అతను చూడటం అయ్యేదాకా ఆ అమ్మాయి చేతులు తీయలేదు, తల తిప్పి అతని వైపు చూడనూ లేదు. తర్వాత అతను రైలు స్టేషను దారి పట్టాడు. మేనమామ ఏదో గొణుక్కుంటూ వెనకే వెళ్ళాడు.

ఆ అమ్మాయి రెండో రెక్క మూసి గడియ పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"నేను చేసింది బాగానే ఉందా మేడమ్?"

"బాగానే ఉందమ్మా."

"అత్తయ్య చూస్తే ఏమనేదంటారు?"

లోపలికి రానివ్వలేదని తిట్టేదా, తలుపులు తెరిచావని తిట్టేదా? ఆవిడ గొంతులో రెండూ వినిపించాయి నాకు. ఏదని చెప్పను?

"ఎట్టా చేసినా తిట్టేదండీ," అంది ఆ అమ్మాయే.

అని నవ్వబోయింది. పెదవులు నవ్వడానికి విడిన మాట నిజమే. వచ్చింది మాత్రం నవ్వు కాదు. "అత్తయ్యా" అని ఒక్క కేక పెట్టి, నా ఒళ్ళో తలపెట్టుకుని, తల్లి పోయిన పిల్లలా ఏడవడం మొదలుపెట్టింది.